బడిలో కెరీర్ ప్రోగ్రాం: ఉపన్యాసమా, మేళానా, బల్లలా, బస్సా? ఒక వైజాగ్ మాస్టారి లెక్క

ప్రతి ఏడాదీ జూలై రాగానే మా హెచ్‌.ఎం. గారు స్టాఫ్ మీటింగులో ఒక మాట అంటారు. "ఈసారి పిల్లలకి కెరీర్ మీద ఏదైనా ఒక ప్రోగ్రాం పెట్టండి మాస్టారూ." ఆ "ఏదైనా" దగ్గరే ఉంది చిక్కంతా.

నేను గాజువాక వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇంకెవరూ తీసుకోలేదు కాబట్టి ఈ బాధ్యత నా నెత్తిన పడింది. పెద్దమనిషిని పిలిచి మైకు ఇచ్చాను. గ్రౌండులో స్టాళ్లు పెట్టించాను. పిల్లల్ని బస్సెక్కించి తిప్పాను. చివరికి క్లాసురూముల్లో బల్లలు వేసి, పని చేసేవాళ్ల చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టాను. నాలుగూ చేసినవాడిగా, మీ బడికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు మా పిల్లల సంగతి. తొమ్మిదో తరగతిలో "పెద్దయ్యాక ఏమవుతారు" అని చీటీలు రాయిస్తే డాక్టరు, సాఫ్ట్‌వేరు, పోలీసు, కలెక్టరు అనే నాలుగు మాటల్లోనే దాదాపు అన్ని చీటీలూ సర్దుకుంటాయి. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు విశాఖలో ఏఐ కేంద్రం ప్రకటించాక "గూగుల్" అనే చీటీలు కూడా మొదలయ్యాయి. అక్కడ కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లతో పాటు కరెంటు, కూలింగ్ చూసుకునేవాళ్లు కూడా కావాలని వాళ్లకి తట్టదు. 1933లో తెరుచుకున్న పోర్టు, 1941లో పునాది పడ్డ షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ, నేవీ, కేజీహెచ్ పెద్దాసుపత్రి ఉన్న ఊరు ఇది. వాటిల్లో పనిచేసేవాళ్ల పిల్లలే మా బెంచీల మీద కూర్చుంటారు. "మీ నాన్న ఏం చేస్తారమ్మా?" అంటే "పోర్టులో పని సార్" అంటారు. ఏం పని అంటే "పోర్టులోనే సార్" అంటారు. అంతే.

కాబట్టి నేను ఏ ప్రోగ్రాంనైనా ఒకే ఒక్క కొలతతో కొలుస్తాను. పని చేసే మనిషికి ఎదురుగా, మాటా మాటా కలిసేంత దగ్గరగా, ఒక్కో పిల్లవాడు ఎన్ని నిమిషాలు గడిపాడు? ఫ్లెక్సీ ఎంత పెద్దది, ముఖ్య అతిథి ఎవరు, ఫొటో పేపర్లో వచ్చిందా లేదా అన్నవి ఆ తర్వాత.

మైకు ముందు పెద్దమనిషి

అన్నిటికన్నా తేలిక ఇదే. ఒక ఫోను, ఒక శాలువా, ఒక మెమెంటో. హాలు లేకపోతే చెట్టుకింద ప్రార్థన జరిగే చోటు చాలు. అందుకే చాలా బడులు దీంతోనే సరిపెడతాయి.

నా కొలత పెట్టి చూద్దాం. మూడు వందల మంది పిల్లలు, గంట ప్రసంగం, చివర్లో పది నిమిషాలు ప్రశ్నలు. నలుగురు లేచి అడుగుతారు, ఆ నలుగురూ ప్రతిసారీ లేచే నలుగురే. మిగిలిన రెండు వందల తొంభై ఆరు మందికి దక్కింది సున్నా. పైగా వచ్చినవారు తమ పని గురించి కాక కష్టపడితే ఎలా పైకొస్తారో చెప్పి వెళ్తారు. అది మేం రోజూ చెబుతూనే ఉన్నాం.

అయినా దీన్ని పూర్తిగా కొట్టిపారెయ్యను. ఒకే ఒక్క సమాచారం అందరికీ ఒకేసారి చేరాలంటే ఇదే నయం. పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) అంటే ఏమిటి, ఎప్పుడు అప్లై చెయ్యాలి, ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి మార్కుల మీద ఎలా వస్తుంది, ఐటీఐలో ఏయే ట్రేడులున్నాయి, ఇలాంటివి. అప్పుడు పిలవాల్సింది పెద్ద పేరున్న వక్తని కాదు, పాలిటెక్నిక్‌లో అడ్మిషన్లు చూసే లెక్చరర్‌ని. నలభై నిమిషాలు మించనివ్వకండి.

మేళా

షామియానా, స్టాళ్లు, బెలూన్లు. మేనేజ్‌మెంట్‌కి ఇష్టం, పిల్లలకి మరీ ఇష్టం. కానీ ఒక్కసారి కాగితం మీద లెక్క వెయ్యండి. ఆరు వందల మంది పిల్లలు, పాతిక స్టాళ్లు. ఒక్కో స్టాలు ముందు ఒకేసారి ఆరుగురు నిలబడి మాట్లాడగలరు. అంటే ఏ క్షణాన చూసినా నూటయాభై మందే పనిలో ఉన్నట్టు. మిగతా నాలుగు వందల యాభై మంది గ్రౌండులో తిరుగుతూ, కరపత్రాలు పోగుచేసుకుంటూ, వాటితో విమానాలు చేస్తూ ఉంటారు. సాయంత్రం ఆ విమానాలు ఏరింది నేనే కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను.

అంతకన్నా పెద్ద తలనొప్పి, స్టాళ్లు ఎవరితో నింపుతాం అన్నది. పని చేసేవాళ్లకి సెలవు దొరకదు. అడక్కుండానే వచ్చేవి కాలేజీలు. మేం మేళా పెట్టిన ఏడాది ఒక ప్రైవేటు కాలేజీ స్టాల్లో లక్కీ డ్రా పెట్టారు. పేరు, క్లాసు, నాన్న ఫోన్ నంబరు రాసి డబ్బాలో వేస్తే సైకిల్ గెలుచుకోవచ్చన్నారు. పిల్లలు ఎగబడి రాశారు. సైకిల్ ఎవరికి వచ్చిందో ఇప్పటికీ తెలీదు గానీ, తల్లిదండ్రులకి అడ్మిషన్ ఫోన్లు మాత్రం మే నెలదాకా వచ్చాయి. ఒకాయన బడికొచ్చి "మా నంబరు మీరు అమ్ముకున్నారా?" అని అడిగితే తల ఎత్తుకోలేకపోయాను. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం మాట అటుంచినా, స్టాలు ఇచ్చేముందే రాసి సంతకం పెట్టించుకోండి: పిల్లల దగ్గర పేరు, నంబరు తీసుకోకూడదు, డ్రాలు పెట్టకూడదు.

మరి మేళా ఎప్పుడు మంచిది? మూడు నాలుగు బడులు కలిసి ఖర్చు పంచుకున్నప్పుడు. పదో తరగతి పిల్లలు అమ్మానాన్నలతో పాటు వచ్చే ఆదివారం పూట పెట్టినప్పుడు. ఇంటర్‌లో ఏ గ్రూపు, డిప్లొమానా, ఐటీఐనా అన్న నిర్ణయం ఇంట్లో జరిగేదే కదా, ఆ ఇంట్లోవాళ్లు వచ్చి అడగడానికి మేళా బాగా పనికొస్తుంది. కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ వాళ్లని ముందు వరుసలో కూర్చోబెట్టండి. ప్రైవేటు కాలేజీలకి మొత్తం స్టాళ్లలో మూడో వంతు మించి ఇవ్వకండి. అక్టోబరులో గ్రౌండులో షామియానా వేద్దామని ఎవరైనా అంటే మాత్రం నేను 2014 అక్టోబరు 12 గుర్తుచేస్తాను. హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. జనవరిలో సంక్రాంతి సెలవులయ్యాక పెట్టుకోండి, ఎండ కూడా ఉండదు.

బల్లలు

నా ఓటు దీనికే, దాచుకోను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నూట ఇరవై మంది తొమ్మిదో తరగతి పిల్లలు. పన్నెండు బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక పని చేసే మనిషి, చుట్టూ పదిమంది పిల్లలు. ఇరవై నిమిషాలకోసారి పీఈటీ మాస్టారు విజిల్ వేస్తారు, పిల్లలు బల్ల మారతారు. నాలుగు విడతలు. మారడానికి పట్టే టైముతో కలిపి గంటన్నర, అంటే రెండు పీరియడ్లు, ఇంకొంచెం. ఒక్కో పిల్లవాడికి నలుగురు మనుషులతో ఎనభై నిమిషాలు. ఖర్చు టీ, బిస్కెట్లు, నాలుగు చార్టులు. శాలువాలు వద్దు. పన్నెండు మందికి శాలువాలు కప్పేసరికి ఒక విడత అయిపోతుంది.

అందరినీ ఒకే గదిలో పెట్టకండి, గోల. గదికి నాలుగు బల్లల చొప్పున మూడు గదులు తీసుకోండి.

ఎవర్ని పిలవాలి? ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆఫీసర్ల కోసం వెతుకుతారు. మొదట మీ పిల్లల తల్లిదండ్రుల జాబితా తీసి చూడండి. మా బడిలో చూస్తే క్రేన్ ఆపరేటరు, ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను, లారీ బ్రోకరు ఆఫీసులో లెక్కలు రాసేవారు, అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీ బ్రాండిక్స్‌లో లైన్ సూపర్‌వైజరుగా చేసే ఒక తల్లి, వెల్డరు, అందరూ ఉన్నారు. బయటివాళ్ల కోసం మన పాత విద్యార్థులున్నారు. లోకో పైలట్, నర్సు, మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు టెస్ట్ చేసే కుర్రాడు. నిన్న మొన్నటిదాకా ఇదే బెంచీ మీద కూర్చున్నవాళ్లంటే పిల్లలకి జంకు ఉండదు.

ఆ వెల్డరు గారి సంగతి చెప్పి తీరాలి. పిలవగానే ఆయన అన్న మాట: "నానేటి సెప్పగల్ను మాస్టారూ? నాను పది కూడా పేసవ్వలేదు." "మీరేం చెప్పక్కర్లేదండీ, మీ హెల్మెట్ పట్టుకు రండి చాలు" అన్నాను. హెల్మెట్టూ తెచ్చారు, గ్లౌజులూ తెచ్చారు, సంచిలోంచి రెండు ఇనప ముక్కలు కూడా తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కోటీ రెండు ప్లేట్లు అతికినది. "ఇందులో ఏది మంచి అతుకు?" అని పిల్లల్ని అడిగారు. అందరూ నున్నగా మెరుస్తున్నదాన్ని చూపించారు. ఆయన నవ్వి ఆ ముక్కని వేలితో నిమిరారు. "పైకి నునుపే. లోపల గాలి బుడగలున్నాయి. ఎక్స్‌రే తీస్తే దొరికిపోద్ది." ఒక అమ్మాయికి ఆశ్చర్యం: "ఇనుముకి కూడా ఎక్స్‌రే తీస్తారా?" తీస్తారు, ఓడ అతుకుల్ని అలాగే పరీక్షిస్తారు, అది చూసే పనికి వేరే మనిషి ఉంటాడు, దానికి వేరే కోర్సు ఉంటుంది. ఆ బల్ల దగ్గర ఒక ఉద్యోగం చూడ్డానికి వెళ్లినవాళ్లకి రెండు కనిపించాయి. ఆయన కొడుకు పక్క బల్ల దగ్గర కూర్చుని మెడ తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు.

అప్పట్నుంచి పెట్టుకున్న నియమం, పవర్‌పాయింట్ వద్దు, పనిముట్టు ఒకటి తప్పకుండా తేవాలి. అకౌంటెంటైతే నిజం లెడ్జరో, జీఎస్టీ బిల్లో. నర్సైతే బీపీ మెషీను.

పిల్లల చేతికి ఒక కార్డు ఇవ్వండి. మూడే ప్రశ్నలు. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు? ఈ పనిలో మీకు విసుగొచ్చేది ఏమిటి? మొదట చేరినప్పుడు జీతం ఎంత, ఇప్పుడు ఎంత? మూడోది అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు, చెప్పడానికి పెద్దలు ఇబ్బంది పడతారు. అందుకని అతిథులకి ముందే చెప్పి ఉంచుతాను, కచ్చితమైన అంకె అక్కర్లేదు, ఇంత నుంచి ఇంత అంటే చాలని. నిజానికి పిల్లలు అన్నిటికన్నా బాగా గుర్తుపెట్టుకునేది దానికొచ్చిన జవాబే.

లోపాలూ ఉన్నాయి. పిల్లల్నే ఎంచుకోమంటే అమ్మాయిలు నర్సు బల్లకి, అబ్బాయిలు నేవీ బల్లకి పరిగెడతారు. నేను రెండు విడతలు చీటీలు తీయించి, రెండు విడతలు వాళ్ల ఇష్టానికి వదిలేస్తాను. ఒక అతిథి తన పని చెప్పడం మానేసి పాలసీలు అంటగట్టబోయారు, ఆయన్ని మళ్లీ పిలవలేదు. కొందరు "మీరు బాగా చదవాలి" దగ్గర ఇరుక్కుపోతారు. బల్లకి ఒక టీచరు అక్కర్లేదు గానీ గదికి ఒకరు తిరుగుతూ ఉంటే, అలాంటి చోట "నిన్న డ్యూటీలో ఏం జరిగిందండీ?" అని ఒక్క మాట అందిస్తే బండి మళ్లీ పట్టాలెక్కుతుంది.

బస్సు

ఇంగ్లండ్‌లో బడుల కెరీర్ పనికి గాట్స్‌బీ సంస్థ 2014లో ఎనిమిది ప్రమాణాలు పెట్టింది. అందులో నాకు నచ్చింది, పదహారేళ్లు వచ్చేలోపు ప్రతి పిల్లవాడూ ఒక పని చోటును కళ్లారా చూసి ఉండాలన్నది. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తుల వాళ్ల దగ్గర గడపాలంటుంది. కాబట్టి హెచ్‌.ఎం. గారిని ఒప్పించడం కష్టమేం కాదు. కష్టమంతా గేటు దగ్గర.

స్టీల్‌ప్లాంటు, పోర్టు లాంటి చోట్ల సి.ఐ.ఎస్‌.ఎఫ్. అనే కేంద్ర భద్రతా బలగం కాపలా ఉంటుంది. ఉత్తరం ఇచ్చి, జవాబు వచ్చి, పేర్ల జాబితా వెళ్లి, ఇవన్నీ అయ్యేసరికి వారాలు పడతాయి. ఒకసారి ఒక పెద్ద ఫ్యాక్టరీకి నలభై ఎనిమిది మందితో వెళ్లాం. జాబితాలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని ఆరుగురు పిల్లల్ని గేటు దగ్గర ఆపేశారు. రెండు గంటలు వాళ్లతో నేనూ బయటే, బస్సు నీడలో. తప్పు గార్డుది కాదు, మాదే, హాజరు పట్టీలోంచి పేర్లు ఎత్తి రాసేశాం. ఆధార్ జిరాక్సు పక్కన పెట్టుకుని జాబితా రాయండి. నేవీకి చెందిన చోట్లయితే పిల్లల ఫోన్లు ఇంట్లోనే వదిలి రమ్మనండి.

లోపలికి వెళ్లాక కూడా కొలత గుర్తుపెట్టుకోండి. యాభై మందికి ఒకే గైడు అయితే ముందున్న పదిమందికే వినిపిస్తుంది, వెనక ఉన్నవాళ్లు ఆ పదిమంది వీపులు చూస్తారు. మూడు బృందాలుగా చీల్చి ముగ్గురు మాట్లాడేవాళ్లని అడగండి. ఇవ్వలేమంటే ముప్పై మందినే తీసుకెళ్లండి.

అంత అనుమతుల గొడవ లేని చోట్లు కూడా మన ఊళ్లో ఉన్నాయి. బీచ్ రోడ్డులో కురుసుర. 2001లో నేవీ నుంచి రిటైరయి, మరుసటేడాది మ్యూజియం అయిన జలాంతర్గామి. పిల్లలు ఇదివరకే చూసేసి ఉంటారు, కానీ పిక్నిక్‌గా. ఈసారి కార్డు మీద ఒకే ప్రశ్న రాసి ఇవ్వండి: ఈ ఒక్క జలాంతర్గామిలో ఎన్ని రకాల పనులు చేసేవాళ్లు ఉండి ఉంటారు? ఇంజను, సోనార్, టార్పెడో, బ్యాటరీలు, రేడియో దాటి వంటగది దాకా వచ్చేసరికి లెక్క వేళ్లు దాటుతుంది. సోమవారం మూసి ఉంటుంది, ఆ రోజు బస్సు మాట్లాడకండి.

నాకు మరీ ఇష్టమైంది ఫిషింగ్ హార్బర్. తెల్లారేసరికి అక్కడ ఉండాలి. బోట్లోంచి చేప దిగడం, వేలం, ఐసు, డీజిల్ మెకానిక్కు, వల అల్లేవారు, ఎగుమతికి రొయ్య గ్రేడింగు చూసుకుని ఫోన్లో రేటు మాట్లాడే ఏజెంటు. ఒక్క గంటలో ఒక వ్యాపారం మొత్తం కళ్లముందు నడుస్తుంది. పిల్లలు మొదటి పావుగంట ముక్కు మూసుకుంటారు, తర్వాత మర్చిపోతారు. నేల జారుతుంది, చెప్పులు కాదు, బూట్లు వేసుకు రమ్మనండి. ఈ ఊళ్లోనే సిఫ్‌నెట్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పది పాసైనవాళ్లకి అక్కడ రెండేళ్ల కోర్సులు, ఒకటి బోటు నడపడంలో, ఒకటి మెరైన్ ఫిట్టరుగా. మత్స్యకారులుండే జాలారిపేట పిల్లలకే దీని పేరు తెలీకపోవడం చూసి నాకు బాధేసింది. వాళ్ల తాతలు చుక్కలు చూసి నడిపిన పడవకి ఇప్పుడు సర్టిఫికెట్టు ఉందని ఎవరూ చెప్పలేదు.

ఒక హెచ్చరిక. పని చోటికి వెళ్లడం అంటే చూడ్డానికే, చెయ్యడానికి కాదు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు వాళ్లని పనిలో పెట్టుకోకూడదు, పద్దెనిమిదిలోపు వాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. "రెండ్రోజులు ఉంచండి సార్, పని నేర్పిస్తాం" అని షెడ్డు యజమాని మంచి మనసుతోనే అన్నా, వద్దనండి. తల్లిదండ్రుల సంతకం, ఒక మేడమ్ తప్పనిసరిగా వెంట, ప్రతి పిల్లవాడికీ ఒక నంబరు. దిగినప్పుడూ ఎక్కినప్పుడూ తలలు లెక్కపెట్టకండి, నంబర్లు పిలవండి. తలలు లెక్కపెడితే సరిపోతూనే ఉంటాయి, మనిషి మాత్రం హార్బర్లో ఉండిపోతాడు.

ఇంకా జూమ్ సెషన్లు, మాక్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. జూమ్ అంటే కరెంటు, నెట్టు, స్పీకరు మూడూ ఒకేసారి పనిచెయ్యాలి. దుబాయ్‌లో ఉన్న పాత విద్యార్థితో మాట్లాడించాలంటే తప్ప నేను దాని జోలికి పోను. మాక్ ఇంటర్వ్యూలు ఇంటర్, డిగ్రీ వాళ్లకి. హైస్కూలు పిల్లలకి టెన్షన్ తప్ప మిగిలేదేమీ లేదు.

ఎవరికి ఏది, ఎప్పుడు

ఒకే ఒక్కటి చెయ్యగలిగితే, డబ్బు లేకపోతే, బల్లలు, తొమ్మిదో తరగతికి. రెండు చెయ్యగలిగితే ఎనిమిదో తరగతికి బస్సు కూడా కలపండి. ఎనిమిదిలో ఒక చోటు చూసిన పిల్లలు తొమ్మిదిలో బల్ల దగ్గర కూర్చుంటే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి, నేను రెండేళ్లు వరసగా గమనించాను. పదో తరగతి వాళ్లకి కొత్తగా కలలు చూపించే టైం కాదు. వాళ్లకి కావల్సింది సమాచారం, అది అమ్మానాన్నలతో కలిసి. అందుకు పక్క బడులతో కలిసి మేళా, లేదంటే పాలిటెక్నిక్ లెక్చరర్‌తో నలభై నిమిషాలు. ప్రైవేటు బడి అయి, సొంత బస్సులుంటే మీరు బస్సుతోనే మొదలుపెట్టవచ్చు. బడిలో రెండు వందల మంది కూడా లేకపోతే మేళా ఆలోచనే పెట్టుకోకండి.

బల్లలకి ఆగస్టు చివర, దసరా సెలవులకి ముందు బాగుంటుంది. డిసెంబరు దాటితే పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో టీచర్లెవరూ దొరకరు. అతిథులకి మూడు వారాల ముందు చెప్పండి, ముందు రోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చెయ్యండి. షిఫ్టు డ్యూటీల వాళ్లు ఏ షిఫ్టులో ఉన్నారో అడిగి పెట్టుకోండి. నైట్ షిఫ్టు దిగి వచ్చినాయన బల్ల మీదే కునుకు తీశారు ఒకసారి, పాపం. ప్రోగ్రాం అయిన మర్నాడు ఒక పీరియడు ఆపుకోండి. కార్డు మీద రాసుకున్నది చూసి, ఎవరి పని నచ్చింది, దానికి పది తర్వాత ఎక్కడ చేరాలి అన్న రెండు ముక్కలు నోట్సులో రాయించండి. అది చెయ్యకపోతే వారానికి కార్డులు కూడా విమానాలవుతాయి.

ఎన్ని ఫోన్లు చేసినా పన్నెండు మందిలో ఒకరు రారు. అందుకని ఒక బల్లకి మనిషిని బడిలోంచే సిద్ధంగా ఉంచుకోవాలి. పోయినేడు నర్సు గారికి డ్యూటీ పడి రాలేకపోతే మధ్యాహ్న భోజనం వండే అక్కని పిలిచి కూర్చోబెట్టాను. "నాకేటడుగుతారు బాబూ" అంటూనే గరిటె పట్టుకుని వచ్చింది. హైస్కూలు పిల్లకి మనిషికి నూటయాభై గ్రాముల బియ్యం, మూడు వందల మందికి ఎంత అని ఆవిడే ఎదురడిగింది. పిల్లలు నోట్సు తీసి గుణించేలోపు "నలభై అయిదు కేజీలు" అనేసింది. తర్వాత గ్యాస్ ఎంత, ఉదయం ఎన్నింటికి ఎసరు పెట్టాలి, ఆలస్యమైతే ఎవరు తిడతారు, బిల్లు ఎన్నాళ్లకి వస్తుంది, అన్నీ చెప్పింది. ఇరవై నిమిషాలైంది, విజిల్ వేశారు. ఆ బల్ల పిల్లలు లేవలేదు.